ఎముకకు గాట్లు పెడితే 6 నెలల్లో పళ్లు సెట్ అయిపోతాయా?

వాట్సాప్ గ్రూపుల్లో, రీల్స్‌లో ఒక మాట తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "పెద్దవాళ్లు పళ్లకు క్లిప్పులు పెట్టుకుంటే మూడేళ్లు పడుతుంది. అదే చిగురు కొంచెం తెరిచి పళ్ల మధ్య ఎముకకు గాట్లు పెట్టే చిన్న సర్జరీ చేయించుకుంటే 6 నెలల్లో పని అయిపోతుంది. ఎముక ముక్కలుగా విడిపోతుంది కాబట్టి పళ్లు ఈజీగా జరుగుతాయి. రిస్క్ లేదు, మర్నాడే ఆఫీసుకు వెళ్లొచ్చు, ఎవరైనా చేయించుకోవచ్చు. కోత వద్దనుకుంటే చిన్న రంధ్రాలు చాలు, ఫలితం ఒకటే. తర్వాత పళ్లు మళ్లీ కదలవు, రిటైనర్ (సరిచేసిన పళ్లు జరగకుండా పట్టి ఉంచే తీగ లేదా ట్రే) కూడా అక్కర్లేదు." పెళ్లి ముహూర్తం దగ్గరపడ్డవాళ్లు, ఎంఎస్‌కి వెళ్లబోతున్న పిల్లలు, చిన్నప్పుడు కుదరక ముప్పై దాటాక ధైర్యం చేసినవాళ్లు ఈ వీడియో పట్టుకుని వచ్చి "మాకూ ఇదే చేయండి డాక్టర్" అంటున్నారు.

నేను చేసే పని ఇదే, పళ్లు సరిచేయడం. ముందే చెబుతున్నాను, ఈ సర్జరీ బూటకం కాదు. దాని వెనుక శాస్త్రం ఉంది, సరైన మనిషికి సరైన చోట చేస్తే ఉపయోగమూ ఉంది. నా గొడవంతా ఫార్వర్డ్‌లో దాన్ని అమ్ముతున్న తీరుతోనే. అందుకే ఒక్కో మాటా విడదీసి చూద్దాం.

"మామూలుగా అయితే మూడేళ్లు."

కాదు. ఫిక్స్‌డ్ బ్రేసెస్, అంటే పళ్లకు అతికించే క్లిప్పుల ట్రీట్‌మెంట్‌కి ఎంత కాలం పడుతోందో చూడటానికి ఎన్నో అధ్యయనాలను కలిపి 2016లో ఒక సమీక్ష చేశారు. సగటు 20 నెలల లోపే వచ్చింది. పెద్దవాళ్లలో పన్ను మొదట్లో కాస్త నెమ్మదిగా కదులుతుంది, నిజమే. కానీ మొత్తం కాలం చూసుకుంటే పిల్లలకీ పెద్దలకీ అంత భారీ తేడా ఏమీ ఉండదు. మూడేళ్లు పట్టినవాళ్లు లేరని నేననను. వాళ్లలో చాలామందికి ఆలస్యం ఎక్కడ జరిగిందో చూస్తే, ఎముక గట్టిగా ఉండటం కన్నా వేరే కారణాలే ఎక్కువ కనిపిస్తాయి: నెలకోసారి రావాల్సినవాళ్లు మూడు నెలలకోసారి రావడం, చెరుకు ముక్కో జామకాయో కొరికి బ్రాకెట్‌ను (పన్ను మీద అతికించి తీగను పట్టి ఉంచే చిన్న ముక్క) ఊడగొట్టుకోవడం, అది ఊడిందన్న సంగతి తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా చెప్పకపోవడం, సరిగ్గా తోమక చిగుళ్లు వాచిపోతే కొన్నాళ్లు పని ఆపాల్సి రావడం. నల్గొండ, ప్రకాశం లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల నుంచి వచ్చేవాళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల పన్ను పాడవడం) ఉన్న ఎనామిల్, అంటే పన్ను పైపొర మీద బ్రాకెట్ అంత గట్టిగా అతకదు, మాటిమాటికీ ఊడుతుంది. ఎముకకు ఎన్ని గాట్లు పెట్టినా వీటిలో ఒక్కటీ తీరదు.

"సర్జరీతో 6 నెలల్లో అయిపోతుంది."

అసలు విషయం ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య పావు మిల్లీమీటరు మందాన ఒక లిగమెంట్ పొర ఉంటుంది. తీగ పన్నును ఒకవైపు తోస్తే, నొక్కుకుపోయిన వైపు కొన్ని కణాలు ఎముకను కరిగిస్తాయి, సాగిన వైపు వేరే కణాలు కొత్త ఎముకను కడతాయి. ఈ పని శరీరం చేసుకోవాలి, మనం చేసిపెట్టేది కాదు. అందుకే వేగం నెలకు సుమారు ఒక మిల్లీమీటరు దగ్గరే ఉంటుంది. బలం పెంచితే వేగం పెరుగుతుందా అంటే పెరగదు, పైగా ఆ పొరలో రక్తప్రసరణ ఆగిపోయి పన్ను మొరాయిస్తుంది, వేరు చివర అరిగే ప్రమాదమూ పెరుగుతుంది.

అమెరికాకు చెందిన ఎముకల సర్జన్ హెరాల్డ్ ఫ్రాస్ట్ 1980ల మొదట్లో ఒక సంగతి వివరించారు. ఎముకకు గాయమైతే ఆ చుట్టుపక్కల ఎముక కరగడం, కట్టుకోవడం రెండూ మామూలు కన్నా చాలా చురుగ్గా సాగుతాయి. విరిగిన ఎముక అతుక్కునేది ఈ చురుకుతోనే. 2001లో పెన్సిల్వేనియాలోని ఈరీ పట్టణానికి చెందిన విల్కో సోదరులు, ఒకరు ఆర్థోడాంటిస్ట్ (పళ్లు సరిచేసే డాక్టర్), ఇంకొకరు చిగుళ్ల స్పెషలిస్ట్, ఇదే సూత్రంతో ఇద్దరు పేషెంట్లకు చేసిన ట్రీట్‌మెంట్‌ను ప్రచురించారు. చిగురు తెరిచి, వేళ్ల మధ్య ఎముక పైపొరకు గాట్లు పెట్టి, పైన ఎముక పొడి పరిచి కుట్లు వేసి, పళ్లను కదిలించారు. ఆరున్నర నెలల్లో అయిపోయింది. ఇప్పుడు రీల్స్‌లో తిరుగుతున్న "6 నెలలు" అలాంటి కేసుల మాటే. అది అబద్ధం కాదు. కాకపోతే ఎంచుకున్న కేసుల్లో, ఆ పద్ధతిని రూపొందించినవాళ్ల చేతిలో వచ్చిన ఫలితం. అందరికీ అంతే పడుతుందని దాన్నిబట్టి చెప్పలేం.

ఎందుకు చెప్పలేమంటే, ఆ చురుకు శాశ్వతం కాదు. గాటు పెట్టిన మొదటి ఒకటి రెండు నెలల్లో గరిష్ఠానికి వెళ్లి, సుమారు నాలుగు నెలలకల్లా తగ్గిపోతుంది. మరి మీ ట్రీట్‌మెంట్‌లో ఏముంది? ఎత్తుపళ్లకు రెండు వైపులా కోరపన్ను వెనకుండే చిన్న దవడ పన్ను తీయాల్సిన కేసు అనుకోండి. మొదటి కొన్ని నెలలు వంకరలు సర్దడానికే పోతాయి. తర్వాత తీసిన పన్ను ఖాళీ, దాదాపు 7 మిల్లీమీటర్లు, మూయాలి. అది అయ్యాక వేళ్ల వంపు సరిచేయడం, పై పళ్లు కింది పళ్లతో కరెక్టుగా కూర్చోబెట్టడం అనే చివరి దశ, పేషెంటుకి "ఇంకేముంది, పళ్లు సెట్ అయ్యాయిగా" అనిపించే దశ, నిజానికి మాకు అన్నిటికన్నా ఓపిక పట్టాల్సినది. సర్జరీ మొదట్లో చేస్తే ఖాళీ మూసే సమయానికి ఆ చురుకు చల్లబడిపోయి ఉంటుంది. ఖాళీ మూసేటప్పుడు చేస్తే ముందు దశకీ చివరి దశకీ లాభం లేదు. అంటే వేగం పెరిగేది ఒక దశలో మాత్రమే. ఇంకో విషయం, ఆ నాలుగు నెలలు వాడుకోవాలంటే సర్జరీ అయిన రెండు వారాల్లోపే తీగ పని మొదలవ్వాలి, ఆ తర్వాత సుమారు రెండు వారాలకోసారి క్లినిక్‌కి రావాలి. సర్జరీ చేయించుకుని వీసా రాగానే డల్లాస్ ఫ్లైట్ ఎక్కితే ఆ కోత వృథా.

సాక్ష్యం సంగతికొస్తే, 2015లో వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ ఈ సర్జరీల మీద జరిగిన ట్రయల్స్‌ను వడపోసింది. వాళ్ల ప్రమాణాలకు తగినవి నాలుగే దొరికాయి, అన్నిట్లో కలిపి 57 మంది. తక్కువ కాలంలో పన్ను కొంచెం వేగంగా కదిలిందని కనిపించింది. కానీ మొత్తం ట్రీట్‌మెంట్ ఎన్ని నెలలు తగ్గిందన్నది ఆ నాలుగింట్లో ఒక్కదాంట్లోనూ కొలవలేదు. మనకు కావాల్సిన లెక్క అదే కదా. ఆ తర్వాత 2016లో బెల్జియంలోని లియేజ్‌లో 24 మంది పెద్దవాళ్ల మీద ఒక ట్రయల్ జరిగింది. చిగురు మొత్తం తెరవకుండా చిన్న నిలువు గాట్లలోంచి అల్ట్రాసానిక్ పరికరంతో ఎముకను కోసే పీజోసిషన్ పద్ధతి అది. మొత్తం కాలం 43 శాతం తగ్గింది. ఫార్వర్డ్ పక్షాన నిలబడే మంచి సాక్ష్యం ఇది, నేను దాచను. కానీ వాళ్లందరివీ కొద్దిపాటి వంకరలు, పళ్లు పీకాల్సినంత కేసులు కావు. కోత పడినవాళ్లలో సగం మందికి చిగురు మీద మచ్చలు మిగిలాయి. అదే రకం కోతతో పెద్ద తేడా ఏమీ రాలేదని తేల్చిన ట్రయల్స్ కూడా ఉన్నాయి. కాబట్టి "కొందరికి కొంత కాలం తగ్గవచ్చు" అంటే ఒప్పుకుంటాను. "6 నెలల్లో గ్యారంటీ" అంటే ఒప్పుకోను.

"ఎముక ముక్కలుగా విడిపోయి పన్ను జరుగుతుంది."

పాత ఆలోచన ఇది. 1959లో హైన్రిష్ కోలె ఎముక పన్నుతో సహా ఒక దిమ్మెలా కదులుతుందని భావించారు. విల్కో సోదరులు సీటీ స్కాన్లు చూసి, జరుగుతున్నది అది కాదని, గాట్ల చుట్టూ ఎముకలో ఖనిజం తాత్కాలికంగా తగ్గి మళ్లీ చేరుతోందని చెప్పారు. యానిమేషన్లలో ఇంకా దిమ్మెలే తిరుగుతున్నాయి.

"చిన్న సర్జరీ, రిస్క్ లేదు."

రెండు దవడలకూ పూర్తి పద్ధతిలో చేస్తే గంటలు పట్టే పని. పెదవి వైపు, చాలాసార్లు నాలుక వైపు కూడా చిగురును ఎముక నుంచి లేపి, వేళ్ల మధ్య సన్నటి ఎముక మీద బర్‌తోనో (తిరిగే డ్రిల్ ముక్క) పీజోతోనో (అల్ట్రాసానిక్ పరికరం) కోసి, మళ్లీ కుట్టాలి. బుగ్గలు వాస్తాయి, కొందరికి నల్లగా కమిలిపోతాయి. వాపు కొన్ని రోజులు ఉంటుంది, కుట్లు తీసేదాకా మెత్తటి తిండే. ఇది సరిగ్గా జరిగినప్పటి సంగతి. జరగనప్పుడు చిగురు కిందికి దిగి వేరు బయటపడొచ్చు, రెండు పళ్ల మధ్య ఉండే చిగురు ముక్క పోయి నల్లటి సందు మిగలొచ్చు, వేళ్లు దగ్గరదగ్గరగా ఉన్నచోట వేరుకే కోత తగలొచ్చు. నవ్వు బాగుండాలని మొదలుపెట్టిన మనిషికి ముందు పళ్ల మధ్య నల్లటి సందు వస్తే ఎంత బాధో ఆలోచించండి, దాన్ని తిరిగి పూడ్చడం అంత తేలిక కాదు.

అందుకే ఎవరు చేస్తున్నారన్నది ముఖ్యం. బీడీఎస్ తర్వాత ఆర్థోడాంటిక్స్‌లో మూడేళ్ల ఎండీఎస్ చేసినవాళ్లు తీగ పని ప్లాన్ చేయాలి, కోత పని చిగుళ్ల స్పెషలిస్టో ఓరల్ సర్జనో చేయాలి, ఇద్దరూ ఒకే ప్లాన్ మీద మాట్లాడుకోవాలి. ఆఫర్ ప్యాకేజీ కింద ఒక పూటలో తేల్చే పని కాదిది.

"కోత వద్దనుకుంటే చిన్న రంధ్రాలు చాలు, ఫలితం ఒకటే."

2013లో న్యూయార్క్ యూనివర్సిటీ నుంచి వచ్చిన పేపర్‌లో, ఎముకకు మూడు చిన్న రంధ్రాలు చేస్తే కోరపన్ను 2.3 రెట్లు వేగంగా కదిలిందని రాశారు. 20 మంది, చూసింది 28 రోజులు. ఆ సంఖ్యను పోస్టర్ల మీదకెక్కించారు. 2018లో జోర్డాన్‌లో 32 మంది పెద్దవాళ్లకు ఒకవైపు రంధ్రాలు చేసి, రెండోవైపు చేయకుండా మూడు నెలలు కొలిస్తే తేడా రాలేదు. పోస్టర్ల మీద ఈ సంగతి ఉండదు. ఇక రోజూ 20 నిమిషాలు నోట్లో పెట్టుకునే వైబ్రేషన్ పరికరాలకైతే డబ్బు పెట్టకండి, జాగ్రత్తగా చేసిన ట్రయల్‌లో వాటివల్ల వేగం పెరగలేదు.

"ఎవరైనా చేయించుకోవచ్చు."

ఈ ముక్కకే నాకు ఎక్కువ భయం. ఎముకల బలహీనతకు అలెండ్రోనేట్ మాత్రలో, జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్లో, డెనోసుమాబో వాడుతున్నవాళ్లకు దవడ ఎముక మానకుండా కుళ్లిపోయే ప్రమాదం ఉంది. చాలాకాలంగా స్టెరాయిడ్ల మీద ఉన్నవాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లు, సిగరెట్ మానలేనివాళ్లు, చిగుళ్ల జబ్బుతో పళ్లు కదులుతున్నవాళ్లు కూడా దీనికి దూరంగా ఉండాలి. చిగుళ్ల జబ్బును ముందు అదుపులోకి తెచ్చాకే, కోత ఉన్నా లేకున్నా, ఏ పన్నునైనా కదిలించాలి. అలాగే పేషెంట్లకు ఎవరూ చెప్పని ఇంకో సంగతి: నొప్పికి మెడికల్ షాపులో ఐబుప్రొఫెనో డైక్లోఫెనాకో కొనుక్కుని వేసుకుంటే, ఏ వాపు ప్రక్రియ కోసం కోత పెట్టించుకున్నారో దాన్నే అవి అణచేస్తాయి. అందుకే సాధారణంగా పారాసెటమాల్ ఇస్తాం. పై దవడ, కింది దవడ పొంతనలోనే తేడా ఉన్నవాళ్లకు పళ్లను ఎంత తొందరగా జరిపినా ముఖం మారదు, వాళ్లకు కావాల్సింది దవడ సర్జరీ, అది వేరు.

మరి ఎవరికి పనికొస్తుంది? పెరుగుదల ఆగిపోయి, చిగుళ్లు ఆరోగ్యంగా ఉండి, ముందు పళ్ల దగ్గర ఎముక బాగా పలచగా ఉన్నవాళ్లకు గాట్లతో పాటు ఎముక పొడి వేసే పద్ధతి ఆలోచించదగ్గదే. నన్నడిగితే, అక్కడ వేగం కన్నా వేరు చుట్టూ ఎముక చేర్చడమే అసలు ప్రయోజనం.

పెళ్లి మూడు నెలల్లో ఉందని వచ్చేవాళ్లకు ఇంకొకటి కూడా అంటగడుతున్నారు. "వారంలో పళ్లు సెట్" అని బోర్డు కనిపిస్తే అది చాలావరకు పళ్లు జరపడం కాదు, బాగున్న పళ్లను అరగదీసి, కొన్నిటికి రూట్ కెనాల్ చేసి, పైన సిరామిక్ క్యాపులు తొడగడం. ఇరవై ఐదేళ్ల మనిషికి ఆ క్యాపులు జీవితంలో ఎన్నోసార్లు మార్చాల్సి వస్తుంది. అరగదీసిన పన్ను తిరిగి రాదు. దానికంటే పెళ్లి ఫోటోల్లో సిరామిక్ బ్రాకెట్లతోనో అలైనర్లతోనో (పళ్లను జరిపే పారదర్శక తొడుగులు) ఉండటం వెయ్యి రెట్లు నయం.

"తర్వాత పళ్లు కదలవు, రిటైనర్ అక్కర్లేదు."

పన్ను కొత్త చోటికి వచ్చాక ఎముక కొన్ని నెలల్లో గట్టిపడుతుంది కానీ, చిగురులో పన్ను మెడ చుట్టూ ఉండే నారలు అంత తొందరగా సర్దుకోవు. నార్వేకి చెందిన రైటాన్ 1959లో కుక్కల పళ్లను తిప్పి చూస్తే, 232 రోజుల తర్వాత కూడా ఆ నారలు సాగే ఉన్నాయి. ఎముకకు పెట్టిన గాట్లు ఈ నారల పని తీర్చవు. పైగా వయసుతో పాటు కింది ముందు పళ్లు ఇరుకవడం అసలు క్లిప్పులే పెట్టించుకోనివాళ్లలోనూ జరిగేదే. 6 నెలల్లో అయినా 20 నెలల్లో అయినా, పళ్ల వెనక సన్నటి తీగ అతికించడమో, రాత్రిళ్లు పెట్టుకునే పారదర్శక ట్రే ఇవ్వడమో తప్పదు, అదీ ఏళ్ల తరబడి. సర్జరీకి ఒప్పుకునే ముందు రిటైనర్ ఎన్నాళ్లు, దాని ఖర్చెంత, పగిలితే మళ్లీ చేసిస్తారా అని అడగండి. "సర్జరీ చేశాం కదా, మీకు అది అక్కర్లేదు" అని జవాబొస్తే, అక్కడ కోత పెట్టించుకోకండి.