బండి సర్వీసింగ్ జాబ్ కార్డు మీద వెలసిన టిక్కు మార్కు గారికి

గౌరవనీయులైన టిక్కు గారూ, నమస్కారం.

తమరు క్షేమమని తలుస్తా. తమరికేం లెండి, ఎండా వానా తగలకుండా కాగితం మీద కులాసాగా ఉంటారు. నేనే నిన్న మధ్యాహ్నమంతా ఆటోనగర్‌లో ఓ షెడ్డు ముందు పాత టైరు మీద కూర్చుని, మా సరుకు బండి ట్రాలీ వెనక యాక్సిల్ విప్పుతుంటే చూస్తూ గడిపా. స్పీడు కాస్త పెరిగితే హూమ్మని ఏడుపు, యాక్సిలరేటర్ వదిలితే అదే ఏడుపు ఇంకో శృతిలో, క్లచ్ వదలగానే కింద టక్కుమని దెబ్బ. షోరూంలో చెప్తే "టైర్ సౌండ్ సార్" అన్నారు, ఆ లైను పక్కన కూడా తమరే ఉన్నారు.

సరే, అసలు సంగతి. డిఫరెన్షియల్ హౌసింగ్‌కి, అదే వెనక చక్రాల మధ్య గేర్లుండే పెట్టెకి, ఆయిల్ పోసే బోల్టు ఒకటుంటుంది కదా, మెకానిక్ తమ్ముడు దానికి పానా పెట్టబోయి ఆగిపోయాడు. "అన్నా, జర ఇటు సూడు, దీనికి ఎన్నడన్న పానా పడ్డట్టుందా?" బోల్టు చుట్టూ ఎండి గట్టిపడ్డ మట్టి. గోటితో గీకితే కింద కంపెనీ వేసిన నల్ల పెయింటు, బోల్టు మీంచి హౌసింగ్ మీదికి ఒక్క పగులు లేకుండా అతుక్కుని ఉంది. నా చేతిలోనేమో జాబ్ కార్డుల కట్ట. ప్రతి కార్డులో "డిఫరెన్షియల్ ఆయిల్ చెక్" ఎదురుగా తమరు. ఒకదాంట్లో "ఆయిల్ మార్చాం" ఎదురుగా కూడా తమరే, బిల్లులో ఆయిల్ డబ్బులతో సహా!

ఎట్లా మార్చారండీ, మంత్రం వేసి మార్చారా?

కింది ప్లగ్గు విప్పితే వచ్చిన ఆయిల్ చారెడు. నల్లగా ఉంది, వెలుతురులో పెడితే వెండి పొడి కలిపినట్టు మెరుస్తోంది. ప్లగ్గుకున్న అయస్కాంతం నిండా ఇనప రజను. ఆ పెట్టెలో పంపూ గింపూ ఉండదు, తిరుగుతున్న క్రౌన్ అనే పెద్ద గేరు చిమ్మిన ఆయిలే, దాన్ని తిప్పే పినియన్ గేరు బేరింగ్‌కి అందాలి, మట్టం తగ్గితే ఎక్కువగా ముందు పోయేది ఆ బేరింగే, అది లూజైతే పినియన్ ఊగుతుంది, పళ్ళ పట్టు తప్పుతుంది, ఇక హూమ్మని మొదలు. పైగా అవి హైపాయిడ్ పళ్ళు, ఒకదాని మీద ఒకటి జారుతూ రుద్దుకుంటాయి, అందుకే జీఎల్-5 అని గంధకం కంపు కొట్టే ఆయిల్ ప్రత్యేకంగా పోసేది. అది సరిగ్గా ఉంటే 2, 3 లక్షల కిలోమీటర్లయినా కిక్కురుమనకుండా తిరుగుతుంది, బాడీ తుప్పు పట్టిపోయినా అది బతికుండే బండ్లు ఎన్ని లేవు! మాది లక్ష కూడా చూడలేదు.

తప్పంతా తమరిదే అనను. బేగంబజార్‌లో "ఇంకో నాలుగు బస్తాలు ఏం గాదన్నా" అనే హమాలీకి వాటా ఉంది. వెనక ఒక పక్క కొత్త టైరు, ఇంకో పక్క అరిగిన టైరు బిగించి, మలుపులో మాత్రమే తిరగాల్సిన లోపలి చిన్న గేర్లని తిన్నటి రోడ్డు మీద కూడా తిప్పించిన టైర్ల షాపు మహానుభావుడికీ ఉంది. మలక్‌పేట రైలు బ్రిడ్జి కింద వాన నీళ్ళు సరే సరి, వేడెక్కిన హౌసింగ్ ఆ చల్లనీళ్ళలో దిగితే లోపలి గాలి ముడుచుకుని సీళ్ళ సందుల్లోంచి నీళ్ళు పీలుస్తుంది. కానీ వీళ్ళెవరూ చెక్ చేశామని సంతకం పెట్టలేదు కదా.

ఆ బోల్టు విప్పి వేలు పెట్టి చూడ్డానికి ఎంతసేపు పడుతుంది? ఆయిల్ వేలికి తగిలితే బిగించెయ్, తగలకపోతే పొయ్యి. గంతే కదరా! గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చావ్. ఇప్పుడు పినియన్ ఒక్కటే మారుస్తానంటే కుదరదు, క్రౌనూ పినియనూ జతగానే కొనాలి, బేరింగులు, సీళ్ళు, షిమ్ములనే పల్చటి రేకులు పెట్టి పళ్ళ మధ్య సందు సెట్ చేసే కూలీ వేరే. బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళూ సరుక్కి కిరాయి ట్రాలీ.

షోరూంకి ఫోన్ చేసి కనీసం మార్చని ఆయిల్ డబ్బులైనా వెనక్కివ్వండి అన్నా. "సిస్టంలో మార్చినట్టే ఉంది సార్" అంటోంది ఆ అమ్మాయి. సిస్టంలో ఉన్నది కూడా నువ్వేగా! బోల్టు ఫోటో తీసి పెట్టా, మట్టితో సహా. సోమవారం వస్తున్నా, మేనేజర్ని సీట్లో ఉండమను.