‘మొత్తం’ కనిపిస్తే కూడేయడమేనా?

మళ్లీ వచ్చింది ఆ మెసేజ్. స్నేహితులు, బంధువులు, పిల్లల క్లాస్ గ్రూపు, ఎవరూ వదలడం లేదు. ‘మీ పిల్లలకు పద సమస్యలంటే టెన్షనా? ఈ ఐదు చిట్కాలు చాలు’ అంటుంది. కీలక పదాలు బట్టీ పట్టించాలట: ‘మొత్తం’, ‘ఎక్కువ’ అంటే కూడిక, ‘ఇచ్చేసింది’, ‘మిగిలాయి’ అంటే తీసివేత, ‘ఒక్కొక్కరికి’ అంటే భాగహారం. కథ చదవకుండా అంకెల చుట్టూ సున్నా చుట్టించాలట. బొమ్మలు గీయనివ్వకూడదట. ఎక్కాలు వస్తే పద సమస్యలు వాటంతటవే వస్తాయట. రోజుకు ఒకే రకం లెక్కలు 50 చేయించాలట.

ఆ 50 లెక్కల సంగతి ముందే తేల్చేద్దాం. వరసగా 50 తీసివేతలు ఇస్తే పిల్లవాడు నాలుగో లెక్కకే చదవడం మానేస్తాడు. చదవాల్సిన పనేముంది, అన్నీ తీసివేతలేగా!

అసలు ప్రమాదం మొదటి చిట్కాలో ఉంది. ఈ లెక్క చూడండి: రవి దగ్గర 12 గోళీలున్నాయి. అవి లత దగ్గరున్న వాటికంటే 5 ఎక్కువ. లత దగ్గర ఎన్ని? ‘ఎక్కువ’ కనబడింది కాబట్టి మన చిట్కా పిల్లవాడు 17 అని రాసేస్తాడు. లత దగ్గర ఉన్నవి 7. ఇంకోటి: సీత తమ్ముడికి 6 పెన్సిళ్లు ఇచ్చేసింది, ఇంకా 9 మిగిలాయి. మొదట ఎన్ని ఉన్నాయి? ‘ఇచ్చేసింది’, ‘మిగిలాయి’ రెండూ ఉన్నాయి, ఇక తిరుగులేదు, జవాబు 3! అంటే ఆరు ఇచ్చేశాక తొమ్మిది మిగిలిన సీత దగ్గర మొదట ఉన్నవి మూడేనన్నమాట. అదీ కాకపోతే ఇది: ఒక్కొక్కరికి 4 పెన్సిళ్ల చొప్పున ఆరుగురికి ఇస్తే మొత్తం ఎన్ని? ‘ఒక్కొక్కరికి’ భాగించమంటోంది, ‘మొత్తం’ కూడమంటోంది. చేయాల్సింది గుణకారం. పాపం, దాని పేరే లిస్టులో లేదు.

ఇవేవీ నేను వెతికి పట్టుకొచ్చిన మెలికలు కావు. ఇలా పోల్చి అడిగే లెక్కల్లో పెద్దవాళ్లు కూడా తడబడతారని, ‘ఎక్కువ’ అన్న మాట చూసి తీసేయాల్సిన చోట కూడేస్తారని 1987లో లూయిస్, మేయర్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థుల మీదే చూపించారు. పెద్దలకే ఉన్న జబ్బును మనం రెండో తరగతిలోనే టీకాలా ఎక్కిస్తున్నాం.

ఒక మాట ఒప్పుకోవాలి. ఈ చిట్కాతో మార్కులు వస్తాయి. ‘తీసివేత’ అనే పాఠం చివర ఉన్న లెక్కలన్నీ తీసివేతలే అయినప్పుడు కీలక పదాలు కూడా అక్కర్లేదు, పాఠం పేరు చూస్తే చాలు. అందుకే తల్లిదండ్రులు దీన్ని నమ్ముతున్నారు, వాళ్లను తప్పుపట్టను. పాఠాలన్నీ కలిపి పెట్టే పరీక్షలోనే దీని బండారం బయటపడుతుంది.

ఇక కథ చదవకుండా అంకెలు ఏరుకోవడం. 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో చిన్న తరగతుల పిల్లల్ని ఇలా అడిగారు: ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత? 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒక లెక్క చేసి వయసు చెప్పేశారు. మన మెసేజ్ ప్రకారం వాళ్లంతా మెరికలు! అంకెల చుట్టూ సున్నా చుట్టారు, కూడారు, 36 అన్నారు. ఇంకేం కావాలి?

పోనీ, అంకెలు సరిగ్గా భాగిస్తే సరిపోతుందా? 1980ల మొదట్లో అమెరికా జాతీయ పరీక్షలో పదమూడేళ్ల పిల్లలకు ఇచ్చిన లెక్క ఇది: 1128 మంది సైనికులు, బస్సుకు 36 మంది, ఎన్ని బస్సులు కావాలి? భాగహారం చాలామందికి వచ్చింది. కానీ 29 శాతం మంది ‘31, శేషం 12’ అని వదిలేశారు. సరైన జవాబు 32 అన్నవాళ్లు 23 శాతమే. మిగిలిన 12 మందిని నడిచి రమ్మన్నట్టు!

ఎక్కాల మాటలో సగం నిజముంది. ఏడెనిమిదులు ఎంతో ఆలోచించడానికే బుర్ర అంతా ఖర్చయిపోతే కథ గుర్తుండదు. అయితే పై పిల్లలకు లోటు వచ్చింది ఎక్కాల్లో కాదు.

బొమ్మలు గీస్తే బద్ధకం అలవాటవుతుందట. ఈ మాట రాసినవాళ్లు ఎప్పుడైనా గీసి చూశారా? రవి పేరు మీద ఒక పొడవాటి గడి, దాని కింద లత పేరు మీద ఇంకో గడి. రవి గడి పొడవు 12, లత గడి కంటే అది 5 పెద్దది. లత గడి పొట్టిదని కళ్లకు కనబడుతుంటే 17 రాయడానికి చెయ్యి ఎలా వస్తుంది? సింగపూర్ బడుల్లో 1980ల నుంచి ఈ గడుల పద్ధతిని పనిగట్టుకుని నేర్పుతున్నారు.

ఇంట్లో చెప్పేవాళ్లు ఇంకొకటి చేయొచ్చు. అంకెలు తీసేసి లెక్క చెప్పండి: ‘సీత కొన్ని పెన్సిళ్లు తమ్ముడికిచ్చింది, కొన్ని మిగిలాయి. మొదట ఉన్నవి మిగిలిన వాటికంటే ఎక్కువా, తక్కువా?’ ఆ జవాబు వచ్చాక అంకెలివ్వండి. లేదా 12 - 5కి సొంతంగా ఒక కథ అల్లమనండి. అందులో ‘మిగిలాయి’ అనే మాట రాకూడదని షరతు పెట్టండి. అప్పుడు పిల్లవాడు కాసేపు తల గోక్కుంటాడు, గోక్కోనివ్వండి.