అరిటాకు పక్కన కాటా

పెళ్ళి బంతిలో అరిటాకు పక్కన ఏముండాలో మన పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. ఒక పక్క మంచినీళ్ళ గ్లాసు, ఇంకో పక్క పదేళ్ళుగా మాటల్లేని బంధువు. అంతకు మించి ఏమీ అక్కర్లేదు. మొన్న మాఘమాసంలో రాజోలు దగ్గర ఒక పెళ్ళిలో ఈ ఏర్పాటును సవరించే భారం మా మేనల్లుడు తన నెత్తిన వేసుకున్నాడు. సంచీలోంచి తెల్లటి పలక ఒకటి తీసి, ఆకు పక్కన పెట్టి, మీట నొక్కాడు. సున్నా వెలిగింది.

కాటా అది. బంగారం కొట్టులో ఉండే రకం. గ్రాములో పదో వంతు కూడా చూపిస్తుందట.

మేనల్లుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. బరువు 84 కిలోలు. దాన్ని 72కి దించాలని ఆర్నెల్లుగా దీక్షలో ఉన్నాడు. నల్లబట్టల దీక్ష కాదు. ఆ స్వాములు నయం, భిక్షకు పిలిస్తే వచ్చి పెట్టింది తిని వెళ్తారు. ఇది మాక్రోల దీక్ష, అంటే తినే ప్రతిదాన్నీ ప్రోటీన్, కొవ్వు (ఫ్యాట్), పిండిపదార్థం (కార్బ్స్) పద్దుల కింద లెక్కరాసుకోవడం. జిమ్ములో గురువుగారు చీటీ రాసిచ్చారు: ప్రోటీన్ 40 శాతం, ఫ్యాట్ 40 శాతం, కార్బ్స్ 20 శాతం. మన రాష్ట్రాల మధ్య నదీజలాల పంపకం కూడా ఇంత కచ్చితంగా తేలలేదు.

వడ్డించే కుర్రాడు పులిహోర బేసిన్‌తో వచ్చాడు.

"ఆకులో కాదు తమ్ముడూ, దీని మీద వెయ్యి."

"ఆయ్?" అన్నాడు కుర్రాడు.

"అరవై గ్రాములు."

కుర్రాడు కాటా వైపు చూశాడు, మావాడి వైపు చూశాడు, పక్కనున్న నా వైపు చూశాడు. నేను అప్పడం వైపు చూశాను. "అరవై అంటే ఎన్ని గరిటెలండి?" అన్నాడు చివరికి. పాపం, వాడికి తెలిసిన కొలమానం ఒక్కటే, చాలు బాబూ అనేవరకు. అది కూడా రెండుసార్లు అన్నాక ఇంకో గరిటె.

గరిటె వాల్చాడు. 143 అని చూపించింది. తియ్యమన్నాడు. తీశాడు, 88. మళ్ళీ తియ్యమన్నాడు. ఈసారి చేత్తోనే తీశాడు, 51. "తొమ్మిది తగ్గిందండి," అని మెతుకులు రాల్చడం మొదలుపెట్టాడు. లెక్క కుదిరేసరికి మావాడికి ఇంకో ధర్మసందేహం వచ్చింది. పులిహోరలో వేరుశెనగలున్నాయి కదా, అవి ఏ పద్దు కింద రాయాలి? ప్రోటీన్ కిందా, ఫ్యాట్ కిందా? పలుకులన్నీ ఏరి ఒక పక్కకు పెట్టి మళ్ళీ తూచాడు.

ఈలోగా వెనకాల ధవళేశ్వరంలో తలుపులు దించినట్టు అంతా ఆగిపోయింది. పనసపొట్టు కూర వాడు, గుమ్మడికాయ దప్పళం వాడు, గారెల వాడు వరసగా బేసిన్లు పట్టుకుని నిలబడ్డారు. బంతిలో చివరాఖరి వాళ్ళు ఖాళీ ఆకుల మీద నీళ్ళు చిలకరించుకుంటూ కూర్చున్నారు. ఎదురు వరసలో ఒక పెద్దాయన మాత్రం, "ఏరా అబ్బాయ్, కట్నం తూస్తున్నావా?" అని గట్టిగానే అడిగాడు.

నెయ్యి జారీ పట్టుకున్నవాడు చురుకైనవాడు. అప్పటికే పద్ధతి పట్టేశాడు. "తమకు ఎన్ని గ్రాములండి?" అన్నాడు. చీటీలో ఫ్యాట్ 40 శాతం ఉంది కనుక ఇక్కడ మావాడు ధారాళంగా పోయించుకున్నాడు. అరవై గ్రాముల అన్నం మీద అంత నెయ్యి చూసి జారీవాడి కళ్ళు చెమర్చాయి. ఉద్యోగంలో చేరాక అంత గౌరవం దక్కడం అదే మొదటిసారి అయ్యుండాలి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఎవరు మోశారో కబురు, పెళ్ళికూతురి తండ్రి పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఏం తక్కువైంది బాబూ? వంటలో ఏమైనా తేడానా?" అని మావాడి ముందు వంగి అడిగాడు. ఆ మనిషి ముఖం నాకింకా కళ్ళముందే ఉంది. రెండెకరాల మీద అప్పు తెచ్చి వెయ్యి మందికి పెడుతున్నవాడి ముందు కాటా పెట్టడమంటే ఏమిటో వీడికి ఎవరూ చెప్పలేదు. డొక్కా సీతమ్మగారు పుట్టి పెరిగిన సీమ ఇది. 1841 నుంచి 1909 దాకా బతికి, లంకల గన్నవరంలో వేళగాని వేళ తలుపు తట్టినవాడికి కూడా పొయ్యి వెలిగించి వండిపెట్టిన తల్లి. వచ్చినవాణ్ణి మీ కార్బ్స్ ఎంత అని ఆవిడ అడిగిన దాఖలా లేదు.

ఆ రాత్రి విడిదిలో చీటీ అడిగి తీసుకుని చదివాను. నాకూ సైన్సంటే గౌరవమే. గ్రాము ప్రోటీన్‌కి 4 క్యాలరీలు, గ్రాము కార్బ్‌కి 4, గ్రాము కొవ్వుకి 9. (ఇంకో పెద్దమనిషి కూడా ఉన్నాడు, గ్రాముకి 7. ఆయన ద్రవరూపంలో ఉంటాడు, శనివారం రాత్రి వస్తాడు, చీటీలో పేరుండదు.) అంతా బాగానే ఉంది. కానీ శాతమంటే దేంట్లో శాతం? రోజుకు 1,200 క్యాలరీలు తినేవాడికీ 3,000 తినేవాడికీ 20 శాతం ఒకటే ఎలా అవుతుంది? ఒంటి బరువును బట్టి గ్రాముల్లో చెప్పాల్సిన మాటను శాతాల్లో చెప్పి వదిలేశారు గురువుగారు.

బరువులెత్తుతూ సన్నబడాలనుకునేవాడికి ప్రోటీన్ కిలో బరువుకి 1.6 గ్రాముల చొప్పున ఉంటే కండ కరగకుండా నిలబడుతుంది. ఇంకాస్త పెంచుకుంటే 2, 2.2. అంతకు పైన తిన్నదానికి కొత్త లాభం కనబడదు. మావాడికి 135 గ్రాములు చాలు. చీటీ ప్రకారం 1,800 క్యాలరీలకు 180 వస్తోంది. కొవ్వు 80 గ్రాములు. కార్బ్స్ ఎంతా అంటే 90. నాలుగు రోజులు జిమ్ము, రెండు రోజులు పరుగు పెట్టే 84 కిలోల మనిషికి 90! కాస్త గట్టిగా కసరత్తు చేసేవాడికి కిలోకి 3 నుంచి 5 గ్రాములైనా కావాలని క్రీడల డైటీషియన్లు మొత్తుకుంటుంటారు.

"మొదటి రెండు వారాల్లో మూడు కిలోలు తగ్గాను మావయ్యా, అన్నం మానేసిన మహిమ," అన్నాడు వాడు.

తగ్గావు నాయనా. మనం తిన్న అన్నం కొంత కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా నిలవ ఉంటుంది. మొత్తం కలిపి అర కిలో చిల్లర. ఒక్కో గ్రాము తనతో దాదాపు మూడు గ్రాముల నీళ్ళు పట్టుకుని కూర్చుంటుంది. అన్నం మానగానే ఆ నిలవ ఖర్చై, నీళ్ళు దొడ్డిదారిన పోయాయి. నీ మూడు కిలోల్లో ఎక్కువ భాగం కొవ్వు కాదు, కాలవలోకి పోయిన మురుగు నీరు. ఇలా చెబితే వాడు వినలేదు. నాకు ఆరు పలకల పొట్ట లేదు కనుక నా మాట చెల్లదు.

తెల్లవారుజామున ఆ పలకల పొట్ట కోసం కాలవగట్టు మీద పరుగుకి బయల్దేరాడు. ఊళ్ళో మనం పరుగెడితే రెండే కారణాలుండాలి, బస్సో కుక్కో. కనబడ్డవాళ్ళంతా వెనక్కి తిరిగి ఆ కుక్క కోసం వెతికారు. మొదటి కిలోమీటరు గుర్రంలా పోయాడు. రెండోది ఎద్దులా. మూడో దాంట్లో కొబ్బరితోట దగ్గర నడుం పట్టుకుని కూలబడ్డాడు. వేగం పెరిగే కొద్దీ కండరం అడిగేది గ్లైకోజెన్‌నే. కొట్లో సరుకు నిండుకుంటే గుమాస్తా ఎంత అరిచి ఏం లాభం?

ఆ తోటలో కొబ్బరికాయల దింపు జరుగుతోంది. నలభై దాటిన మనిషి, కాళ్ళకు బందం, నడుముకు కత్తి. మావాడు ఆయాసం తీర్చుకునేలోగా మూడు చెట్లెక్కి దిగాడు. పొద్దున్న ఏం తిన్నావయ్యా అని అడిగాను. "చద్దన్నం, ఉల్లిపాయండి. మజ్జిగ కూడా ఉందండి ఇయ్యాల," అన్నాడు. ఆ 'ఇయ్యాల' గురించి తర్వాత చెప్తాను. మేనల్లుడు మాత్రం ఆ మనిషి పొట్టకేసి చూస్తున్నాడు. ఆరు పలకలూ ఉన్నాయి. చీటీ లేదు.

అలాగని మన విస్తరి గొప్పదని డప్పు కొట్టేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేశాడు, మనం అన్నం తినడం ఇంకా పూర్తి చేయలేదు. కంచంలో గుట్టంత అన్నం, ఆ గుట్ట కింద ఎక్కడో పలుచటి పప్పు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో కలిసి 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇదే మొత్తుకుంది. బియ్యం, గోధుమల వంటి ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదు, మనకేమో 50 నుంచి 70 దాకా వాటి నుంచే వస్తోంది. పప్పు, గుడ్డు, మాంసం, చేపల వాటా 14 శాతమైనా ఉండాలి, 6 నుంచి 9 దగ్గర దేకుతోంది. అంటే దొంగ అన్నం కాదు. పప్పు ఇంట్లో లేకపోవడం అసలు దొంగతనం. కంది బేడల్లో నూటికి 22 పాళ్ళు ప్రోటీన్. కిలో ధర చూసి ఎవరి ఇంట్లో పప్పు ఎంత పలచనవుతుందో ఏ కాటా చెప్పదు. అదే పుస్తకంలో ఇంకో మాట కూడా ఉంది, కండలు పెంచడానికి ప్రోటీన్ పొడుల జోలికి పోవద్దని. దాన్ని ఏ జిమ్ము గోడకూ అంటించలేదు.

పొడి అంటే గుర్తొచ్చింది. మా వీధి చివర ఒక కుర్రాడున్నాడు. ఇరవై ఏళ్ళు. పగలు రైసుమిల్లులో జట్టుపని, 75 కిలోల ధాన్యం బస్తాలు లారీకెత్తడం. సాయంత్రం ఊళ్ళో కొత్తగా పెట్టిన జిమ్ముకి వెళ్ళి, డబ్బు కట్టి, మళ్ళీ బరువులెత్తడం. అక్కడ వాడికి చెప్పారు, నువ్వు అన్నం తింటున్నావు కాబట్టే నీకు షేపు రావట్లేదు అని. రోజంతా బస్తాలు మోసేవాడికి! అన్నం మాన్పించి, వాయిదాల మీద పొడి డబ్బా అంటగట్టారు, రెండున్నర వేలు. వారం తిరక్కుండా మిల్లులో కళ్ళు తిరిగి బస్తాతో సహా పడ్డాడు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఆ పొడి ఏమిటో తెలుసా? పాలు విరగ్గొట్టి చీజ్ తీశాక మిగిలే విరుగుడు నీళ్ళు, ఎండబెట్టి పొడి చేసింది. మా నాయనమ్మ గేదె కుడితిలో కలిపేది. మంచిదే, ప్రోటీనే, కాదనను. కానీ గుడ్డు ఏడు రూపాయలనుకున్నా ఆ రెండున్నర వేలకు 350 గుడ్లొస్తాయి. గుడ్డుకి 6 గ్రాముల లెక్కన రెండు కిలోలపైన ప్రోటీన్. కిలో డబ్బాలో 800 గ్రాములుంటే గొప్ప. ఆ మాట వాడికి చెప్పడానికి ఒక్క వెధవకి నోరు రాలేదా? చెబితే కమీషన్ పోతుంది, అంతేగా.

భీమవరం చుట్టూ చెరువుల నిండా రొయ్య. అందులో నూటికి ఇరవై పాళ్ళు ప్రోటీన్, కొవ్వు ఒకటో రెండో. ఏ చీటీ రాసినవాడైనా కళ్ళకద్దుకునే సరుకు. మా ఆడపిల్లలు గంటల తరబడి ఐసులో చేతులు పెట్టి, వేళ్ళు చచ్చుబడేలా ఆ రొయ్య తల తీసి, తొక్క వలిచి డబ్బాల్లో సర్దుతారు. అది కంటైనరెక్కి అమెరికా పోతుంది. వలిచినామె ఇంటికెళ్ళి రేషన్ బియ్యం వండుకుని చింతపండు పులుసు పోసుకుంటుంది. మన ప్రోటీన్ కంటైనర్లో పోతోంది, వాళ్ళ విరుగుడు కంటైనర్లో వస్తోంది. మధ్యలో నిలబడి అన్నం విషం అని బోధించేవాడికి కనీసం సిగ్గుండాలి. ఆ దింపు మనిషికి మజ్జిగ 'ఇయ్యాల' ఉంది. రేపు ఉంటుందో లేదో ఎవడైనా తూచాడా?

సరే. కోపం ఆరోగ్యానికి మంచిది కాదు, అందులో ఎన్ని క్యాలరీలో కూడా తెలీదు.

మేనల్లుడు ఆ సాయంత్రమే హైదరాబాదు వెళ్ళిపోయాడు. దారిలో ఆత్రేయపురంలో కారాపి నాలుగు డబ్బాల పూతరేకులు కొన్నాడట. బియ్యప్పిండి రేకులు, నెయ్యి, బెల్లం. ఆఫీసులో పంచడానికి అన్నాడు. నేనేమీ అనలేదు.

మర్నాడు ఫోను. "మావయ్యా, కాటా విడిదిలో మర్చిపోయాను. కొరియర్ చేస్తారా?"

వెతికితే వంటవాళ్ళ దగ్గర దొరికింది. ఇంగువ తూచుకుంటున్నారు. తుడిచి కవర్లో పెట్టి రాజోలు తీసుకెళ్ళాను. కొరియర్ ఆఫీసు కుర్రాడు చేతిలోకి తీసుకుని, "బరువెంతుంటుందండి?" అన్నాడు.

నాకేం తెలుసు అన్నాను.

వాడు మావాడి కాటాను తన కాటా మీద పెట్టాడు. 480 గ్రాములు, కవరుతో కలిపి.