పతకాలు ఇచ్చారు, పొలం ఇవ్వలేదు

నవంబర్ 8 కెనడాలో ఆదివాసీ మాజీ సైనికుల దినం. 1994లో విన్నిపెగ్‌లో మొదలైంది. మూడు రోజుల తర్వాత, యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకునే రిమెంబ్రన్స్ డేకి ఇక్కడి మన తెలుగు పిల్లలు కూడా చొక్కాకి ఎర్ర పాపీ పువ్వు పెట్టుకుంటారు. నవంబర్ 8 ఊసు మాత్రం మన ఇళ్ళలో రాదు. రావాలి.

టామీ ప్రిన్స్ గురించి పిల్లలకి చెప్పండి. మానిటోబాలోని బ్రోకెన్‌హెడ్‌కి చెందిన ఒజిబ్వే ఆదివాసీ తెగ మనిషి. 1944 ఫిబ్రవరిలో, ఇటలీలో ఆంజియో దగ్గర, ఖాళీ అయిన ఓ రైతు ఇంట్లో దాక్కుని జర్మన్ ఫిరంగులు ఎక్కడున్నాయో ఫోన్‌లో చెబుతున్నాడు. ఫిరంగి గుండ్ల దెబ్బకి ఫోన్ తీగ తెగిపోయింది. ఆ ఇంట్లో దొరికిన రైతు బట్టలు తొడుక్కుని, పార పట్టుకుని, పట్టపగలు జర్మన్ల కళ్ళెదుటే పొలంలోకి నడిచాడు. కలుపు తీస్తున్నట్టు నటిస్తూ వెళ్ళి, బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి, తీగ అతికి వచ్చాడు!

బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో రాజు చేతుల మీదుగా మిలిటరీ మెడల్ అందుకున్నాడు. అమెరికా సిల్వర్ స్టార్ పతకం ఇచ్చింది. తర్వాత కొరియా యుద్ధానికీ వెళ్ళాడు. అంతటివాడు 1977లో విన్నిపెగ్‌లో పేదరికంలో పోయాడు. పతకాలు కూడా చేజారిపోతే బంధువులు వేలంలో కొనుక్కోవాల్సి వచ్చింది.

ఇది ఒక్కడి దురదృష్టం అనుకుంటే పొరపాటు. మన దగ్గర మాజీ సైనికుడికి భూమి పట్టా ఇవ్వడం తెలిసిందే. ఇక్కడా మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అలాంటి పథకమే పెట్టారు. కానీ ఆదివాసీ సైనికులకి దక్కింది చాలా తక్కువ. పైగా ఆదివాసీలకి కేటాయించిన రిజర్వ్ భూముల్లోంచే సుమారు 85,000 ఎకరాలు తీసి ఇతర సైనికులకి కట్టబెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిగతావాళ్ళకి 6,000 డాలర్ల దాకా రుణం అందితే, రిజర్వ్‌లో ఉండేవాళ్ళకి గరిష్ఠంగా 2,320 డాలర్ల గ్రాంటు. అది ఖర్చు పెట్టాలన్నా ఇండియన్ ఏజెంట్ (రిజర్వ్ మీద పెత్తనం చేసే ప్రభుత్వ అధికారి) ఊ అనాలి. యుద్ధంలో నమ్మి చేతికి తుపాకీ ఇచ్చారు, సొంత ఊళ్ళో ఆవు కొనుక్కునే స్వేచ్ఛ మాత్రం ఇవ్వలేదు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

2002లో బతికున్నవాళ్ళకి 20,000 డాలర్ల దాకా పరిహారం అన్నారు. మెటీ (ఆదివాసీ, యూరోపియన్ మూలాలు కలిసిన జాతి) సైనికులకి ప్రభుత్వ క్షమాపణ 2019లో. అప్పటికి ఎందరు మిగిలారు కనక?

రాజధాని ఒట్టావాలో 2001లో ఈ సైనికులకి కట్టిన స్మారకం బాగుంది. ఉండాలి కూడా. అయితే ఆదివాసీలతో సయోధ్య అంటే పూలదండ ఒక్కటే కాదు. ప్రతి నవంబర్ 8న మంత్రి ఆ వేదిక మీదే చెప్పాలి: ఏ రిజర్వ్ నుంచి ఎన్ని ఎకరాలు పోయాయి, అందులో ఎంత తిరిగి ఇస్తున్నారు, ఎప్పటిలోగా.