నాలుగిరవైల ఉప్పు

నిన్న పారిస్‌లో నా పేస్ట్రీ స్కూల్ మొదటి రోజు. మా ఆయన ఉద్యోగం మారి మేమిక్కడికి వచ్చి మూడు వారాలైంది. ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం ఎందుకని చేరాను. ఫీజు ఎంతని అడగొద్దు, మా అమ్మకే చెప్పలేదు. తెల్ల కోటు, గళ్ళ ప్యాంటు, ముందు ఇనుప రేకు పెట్టిన బూట్లు వేసుకుని అద్దంలో చూసుకుంటే పైసగం వంటమనిషి, కిందిసగం వెల్డింగ్ షాపు. సరే, అది కాదు సంగతి.

సంగతంతా అంకెలది. వీళ్ళకి ఎనభైకి మాట లేదు. నాలుగు ఇరవైలు అంటారు. నాలుగు అంటే కాత్ర్, ఇరవై అంటే వాఁ, ఎనభై అంటే కాత్ర్-వాఁ. తొంభై అయితే నాలుగిరవైల పది. పక్కనున్న బెల్జియం వాళ్ళు డెబ్భైకీ తొంభైకీ శుభ్రంగా వేరే మాటలు పెట్టుకున్నారు గానీ, ఎనభై దగ్గర వాళ్ళూ చేతులెత్తేశారు. స్విట్జర్లాండ్‌లో కొన్నిచోట్ల ఎనభైకి కూడా విడిగా మాట ఉంది. మా ఆయన కంపెనీకి ఆ కొన్నిచోట్ల ఆఫీసు లేదు. ఇక్కడ బస్తీయ్ అనే చోటి దగ్గర ఒక కంటి ఆసుపత్రి ఉంది, దాని పేరే 'పదిహేను ఇరవైలు'. 13వ శతాబ్దంలో తొమ్మిదో లూయీ రాజు మూడొందల మంది అంధుల కోసం పెట్టించాడు కాబట్టి ఆ పేరు. మా నాయనమ్మ పిడకలు ఇలాగే ఇరవైల్లో లెక్కపెట్టేది. ఆవిడ వచ్చుంటే ఈ పాటికి డిప్లొమా చేతిలో ఉండేది.

మూడు రాత్రులు కూర్చుని ఈ లెక్కలు బట్టీ పట్టాను. కొంప ముంచింది ఆ బట్టీయే.

మొదటి పాఠం బ్రియోష్, అంటే వెన్నా గుడ్లూ దండిగా వేసే మెత్తటి రొట్టె. కొలతల కాగితం ఇవ్వరా అని అడిగితే వెబ్‌సైట్‌లో ఉంటుందన్నారు. వెబ్‌సైట్ పాస్‌వర్డ్ ఏదంటే రెండు రోజుల్లో మెయిల్ వస్తుందన్నారు. ఫీజు కట్టించుకోడానికి మాత్రం ఏ పాస్‌వర్డూ అడ్డం రాలేదు. షెఫ్ గారు వెనక్కి తిరిగి ఫ్రిజ్‌లో ఏదో వెతుక్కుంటూ, రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్‌లా కొలతలు చదివేశారు. పిండి 200 అన్నారు, రాసుకున్నాను. తర్వాత నాకు వినపడింది ఇది: "ఉప్పు, కాత్ర్ వాఁ ద్ సుక్ర్."

ఆయన చెప్పింది: ఉప్పు నాలుగు, ఇరవై చక్కెర. నేను రాసుకున్నది: ఉప్పు ఎనభై, చక్కెర కొంచెం.

'ద్ సుక్ర్' అంటే 'కాస్త చక్కెర' అని నా తాత్పర్యం. గుడ్డు కూడా కాటాలో తూచే ఈ దేశంలో చక్కెర ఒక్కదానికి చేతి కొలత పెట్టారంటే, వీళ్ళలోనూ మనవాళ్ళ లక్షణం ఉందని మురిసిపోయి ఓ చిటికెడు జల్లాను.

ఇక ఉప్పు. గిన్నెలో ఎనభై గ్రాములు పోసి చూస్తే, నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానం వచ్చింది. ఆ ఉప్పుతో అరకిలో మామిడికాయ ముక్కలకి ఆవకాయ పెట్టొచ్చు. కానీ షెఫ్ ఫ్రాన్స్ పడమటి కొసనున్న బ్రిటనీ ఆయన. బ్రిటనీ వాళ్ళు వెన్నలోనే ఉప్పు కలుపుకు తింటారు. రాజుల కాలంలో ఫ్రాన్స్‌లో ఉప్పు మీద పన్నుండేది, బ్రిటనీకి మాత్రం మినహాయింపు, అందుకే ఆ అలవాటు అని ఎక్కడో చదివాను. ఆ పన్ను 1790లో పోయింది. పన్ను తప్పించుకున్న సంబరం ఇంకా తగ్గలేదేమో, మనకెందుకు అనుకున్నాను. చూశారా, చదువు మనిషిని ఎక్కడిదాకా తీసుకెళ్తుందో.

పక్క బల్ల దగ్గరున్న కొరియా అబ్బాయి నా కాటా వైపు, నా మొహం వైపు మార్చి మార్చి చూశాడు. పాపం, అతని ఫ్రెంచ్ నాకన్నా అన్యాయం. వేళ్ళతో ఎనిమిదీ సున్నా చూపించి, ధైర్యంగా తలూపాను. అతను ఉప్పు డబ్బా అందుకున్నాడు. డబ్బాలో చాల్లేదు. స్టోర్‌రూమ్‌కి పరిగెత్తి కొత్త ప్యాకెట్ తెచ్చుకున్నాడు. మొదటి రోజే నాకొక శిష్యుడు.

పిసకడం, వెన్న కలపడం, పక్కన పెట్టడం అన్నీ అయ్యాయి. గంటన్నర తర్వాత పదకొండు గిన్నెల్లో ముద్దలు పూరీల్లా పొంగి కూర్చున్నాయి. రెండు గిన్నెల్లో మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది. అంత ఉప్పులో ఈస్ట్ ఏం బతుకుతుంది! షెఫ్ నా ముద్దని వేలితో పొడిచారు, చిన్న ముక్క గిల్లి నాలిక మీద పెట్టుకున్నారు, మాట్లాడకుండా సింక్ దగ్గరికి వెళ్ళొచ్చారు.

"ఉప్పు ఎంత వేశావు?"

"కాత్ర్-వాఁ, షెఫ్!"

"కాత్ర్."

"వాఁ, షెఫ్."

"కాత్ర్!"

"వాఁ!"

రైతుబజార్లో బేరంలా ఆయన నాలుగు దగ్గర, నేను ఎనభై దగ్గర, ఇద్దరం దిగట్లేదు. చివరికి ఆయన పలక తెచ్చి పెద్దగా 4 వేశారు. నేను దాని పక్కన సున్నా లేదేమిటా అని చూస్తున్నాను. ఈ పలక పొద్దున్నే తెస్తే ఏం పోయేదో ఆయనకే తెలియాలి. అప్పుడు ఆయన రెండో గిన్నె వైపు తిరిగారు. కొరియా అబ్బాయికి ఫ్రెంచ్ రాదు కదా, ఒక్క మాట కూడా అనలేదు. చూపుడు వేలు మాత్రం నిటారుగా నావైపు చాపాడు.

పాస్‌వర్డ్ రాత్రి పదకొండింటికి వచ్చింది. రేపు క్రొసాంట్లు. కొరియా అబ్బాయి బల్ల మార్చుకున్నాడు.