చేరికలు ఆగితే మిగిలేదేమి?

తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర టీ అంగడి. అల్లుడు ఈ నెలే ఒక నెట్‌వర్క్ కంపెనీలో చేరినాడు. మామ అంగళ్ళకు లెక్కలు రాసే మనిషి. బల్ల మీద కంపెనీ ప్లాన్ కాగితం, ఒక జ్యూస్ సీసా. ఇది గొలుసు స్కీమేనని మామ అనుమానం.

అల్లుడు: గొలుసు స్కీమంటే సరుకుండదు మామా. ఇక్కడ సీసా కనిపిస్తా ఉంది కదా. జీఎస్టీ నంబరు కూడా ఉంది.

మామ: జీఎస్టీ నంబరు పన్ను కట్టడానికి రా, మంచోడని ఇచ్చే సర్టిఫికెట్ కాదు. సరుకంటావా, ఆమ్వే అనే నెట్‌వర్క్ కంపెనీ దగ్గర సబ్బులూ విటమిన్ మాత్రలూ ఉన్నా 2007లో మన హైకోర్టు ఆ స్కీము, చేరికల మీద డబ్బు తిప్పే స్కీములను నిషేధించే 1978 మనీ సర్క్యులేషన్ చట్టం కిందికే వస్తుందనింది. ఆ చట్టంలో స్కీము నడపడమే కాదు, చేరడం కూడా నిషేధమే. మూడేళ్ళ దాకా జైలు.

అల్లుడు: ఆ తర్వాత 2016లో గైడ్‌లైన్స్, 2021 డిసెంబరులో రూల్స్, డైరెక్ట్ సెల్లింగ్‌కు, అంటే అంగడి లేకుండా నేరుగా జనానికి అమ్మేదానికి, కేంద్రమే తెచ్చింది కదా. అందరూ దొంగలేనా?

మామ: కాదు. అందుకే కాగితం చదవాల. చేరేటప్పుడు కొనాల్సిన కిట్టు 6,500. ఒకర్ని చేర్పిస్తే నీకు 1,000. బయటోడికి సీసా అమ్మితే 60. నెలకు పదివేలు రావాలంటే పదిమందిని చేర్పించాల, లేదంటే 167 సీసాలు అమ్మాల. ఏది చేస్తావు?

అల్లుడు: చేర్పిస్తా. ఎల్‌ఐసీలో డెవలప్‌మెంట్ ఆఫీసరు ఏజెంట్లను చేర్పించడా?

మామ: చేర్పిస్తాడు. కానీ అక్కడ డబ్బు వచ్చేది పాలసీ కట్టే జనం నుంచి. నీకొచ్చేది కొత్తగా చేరినోడి కిట్టు నుంచి. మనిషికి ఆరుగురు అనుకో, ఏడో మెట్టుకే 2,79,936 మంది కావాల. 2011 లెక్కల్లో తిరుపతి నగర జనాభా 2.87 లక్షలు. చంకలో బిడ్డల్ని కూడా చేర్పించుకోవాల్సిందే.

అల్లుడు: అంతదూరం పోదులే మామా, సగం మంది మధ్యలోనే మానేస్తారు.

మామ: మానేసినోళ్ళ 6,500 యాడికి పోయినట్టు?

అల్లుడు: ...సొంతానికి వాడుకునేవాళ్ళూ ఉంటారు కదా. అది అమ్మకం కాదా?

మామ: ఈ ప్రశ్న గట్టిదే. చిక్కంతా అక్కడే. ఇంటికి ఒక సీసా కొంటే కస్టమరే. ర్యాంకు పోతుందని నెలనెలా నాలుగు కొని మంచం కింద పెట్టుకున్నోడు కస్టమరు కాదు. బిల్లులెన్ని చేసినావు?

అల్లుడు: పద్నాలుగు.

మామ: గొలుసులో లేనివాళ్ళవి?

అల్లుడు: రెండు. ఒకటి అమ్మ పేరు మీద.

మామ: మా అక్క ఈ జ్యూసులు ముట్టదు కదరా! ఒప్పందం తీయి. నిజమైన డైరెక్ట్ సెల్లింగయితే చేరడానికి ఫీజుండదు, మనసు మారితే రద్దు చేసుకునే గడువుంటుంది, అమ్ముడుపోని సరుకు వెనక్కి తీసుకుంటారు. ఎన్ని రోజులని రాసినారు?

అల్లుడు: రాసిచ్చిందేమీ లేదు మామా. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టినారు.

మామ: దాన్ని తుడిచేయొద్దు. సీసాలకు సీలు ఉందా?

అల్లుడు: ఒకటి తీసేసినా.