అగ్గిపుల్లకు సన్మానపత్రం

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో ఏడాదికి ఎన్ని శాలువాలు కప్పుతారో లెక్క లేదు. బదిలీ మీద పోయేవాళ్లకు ఒకటి, వచ్చేవాళ్లకు ఒకటి. అగ్గిపుల్లకు మాత్రం ఇంతవరకు ఒక్క శాలువా దక్కలేదు. 2021 డిసెంబరులో పెట్టె ధర రూపాయి నుంచి రెండు రూపాయలైనప్పుడు కూడా ప్రాణహిత ఒడ్డున ఎవరూ నోరెత్తలేదు. ఎత్తరు మరి. ఆ కూలికి అంత పని చేసే మనిషి జిల్లా మొత్తం గాలించినా దొరకడు. ఈ ఎండాకాలంలోనైనా ఆ రుణం తీర్చుకోవాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాం.

ముందు సేవల వివరం. ఇప్పచెట్టుకు లోకజ్ఞానం తక్కువ. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒంటి మీది ఆకంతా దులిపేస్తుంది, ఆ తరవాత సరిగ్గా ఆ ఆకు మీదే పువ్వు రాలుస్తుంది. తెల్లవారుజామున టపటపమని రాలే ఆ లేతపసుపు పువ్వు ఎండాకుల్లో ఎక్కడ పడిందో కళ్లకు ఆనదు. పువ్వు ఏరుకోవడానికి చెట్టు కొమ్మలు పరుచుకున్నంత మేరా ఊడవాలంటే నడుము పట్టేస్తుంది. అగ్గిపుల్లయితే ఒక్క గీతకే నేలను అద్దంలా చేసి చూపిస్తుంది. “ఏం కాదు బావా, కాలేది చెత్తే కదా!” పైగా చెప్పని పనులు కూడా చేసిపెడుతుంది: పక్క గుట్ట, దాని వెనక గుట్ట, నడుమనున్న వెదురు పొద, ఎవరో వేసుకున్న గడ్డివామి. ఓవర్‌టైమ్ అడగదు.

బీడీలు చుట్టే తునికాకు దగ్గరా ఇదే నిబద్ధత. మంచి చిగురు రావాలంటే సీజనుకు ముందే తునికి మొక్కను మొదలు దగ్గర నరకాలి. దానికి కూలి అవుతుంది కాబట్టి అక్కడా మన సన్మానితుడే దిగుతాడు. (ప్రాణహితకు ఈవల కట్టకు 70 ఆకులు, ఆవల తెలంగాణలో 50. లెక్కలో కుదరని ఏకాభిప్రాయం నిప్పు పెట్టడంలో కుదిరింది.)

గిట్టనివాళ్లు బూడిద సంగతి ఎత్తుతారు. పచ్చి పువ్వు ఒళ్లంతా తీపి జిగురే. బూడిద మీద పడితే బూడిదంతా అంటించుకుంటుంది, కడిగితే తీపి నీళ్లలో పోతుంది, కడగకపోతే ఎండాక నల్లగా తేలుతుంది. అప్పుడు కాటా దగ్గర సేటు వేళ్లతో నలిపి చూసి, “అక్కా, ఇది పువ్వా, బొగ్గా?” అని రేటు కోస్తాడు. నాలుగైదు కిలోల పచ్చిపువ్వు ఎండితే కిలో అవుతుంది. అగ్గిపుల్ల తప్పించిన నడుము నొప్పికి ఆ కోత చెల్లు.

ఇక ఈ పనిలో వాటా ఉందని చెప్పుకునే ఇతరుల సంగతి చూద్దాం. రాలిన ఇప్పపువ్వును ఒకసారి రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూడండి. గుండ్రంగా, కండపట్టి, ఊరిన కిస్మిస్‌లా ఉంటుంది. కొమ్మను అంటుకుని ఉన్న వైపు చిన్న చిల్లు కనిపిస్తుంది. కాయగా మారాల్సిన పిందె ఆ చిల్లులోంచే జారిపోయి పైన కొమ్మకే ఉండిపోయింది. మన గంపలో పడింది దాని చుట్టూ ఉన్న తీపి తొడుగు మాత్రమే. అంటే పువ్వు ఏరుకున్నందుకు చెట్టుకు కాయ తగ్గదు. ఇంత ఉదారమైన ఒప్పందాన్ని చెట్టు ఎవరి కోసం రాసుకుందయ్యా అంటే, మన కోసం కాదు, గబ్బిలం కోసం. అది రాత్రి వచ్చి తీపి తొడుగు లాక్కుని తింటుంది, మూతికంటిన పుప్పొడిని పక్క చెట్టుకు మోసుకెళ్తుంది. ఎండలు ముదిరి కాయ పండాక మళ్లీ వస్తుంది, పండు పట్టుకుని ఎగిరిపోయి దూరంగా గుజ్జు తిని గింజ జారవిడుస్తుంది. మనం చేరేది ఆ విందులో రెండో పంక్తిలో.

ఈ సేవను ప్రభుత్వం గుర్తించకపోలేదు. 1972 వన్యప్రాణి చట్టం పండు తినే గబ్బిలాన్ని కాకి, ఎలుకల సరసన అయిదో షెడ్యూల్లో హానికర జంతువుగా నమోదు చేసింది. సరిగ్గా యాభై ఏళ్లు ఆలోచించి 2022 సవరణలో ఆ షెడ్యూలే ఎత్తేశారు. పుప్పొడి బట్వాడా మాత్రం ఆ యాభై ఏళ్లూ ఆగలేదు.

గుడ్డెలుగు ఇంకో వాటాదారు. దాని నేరమల్లా మనం గంప పట్టుకొచ్చే వేళకే అదీ రావడం. చీకట్లో ఒంటరిగా వంగి పువ్వు ఏరే మనిషి, తల దించుకుని పువ్వు తినే ఎలుగు, ఇద్దరూ ఒకరినొకరు రెండు బారల దూరంలో గానీ చూసుకోరు. వెలుగు వచ్చాక, నలుగురు కలిసి, మాట్లాడుకుంటూ వెళితే అది తనంతట తానే తప్పుకుంటుంది. రేగు, రేల, తునికి గింజలను పేడలో వేసి అడవంతా నాటేదీ అదే. అటవీ రేంజి నర్సరీ కూలీల హాజరుపట్టీలో దాని పేరు లేదు కాబట్టి ఈ పనిని పనిగా లెక్కించలేం.

అగ్గిపుల్ల అసలు ఘనత ఇప్పుడు చెప్పాలి. ఏ ఊరి శివారైనా చూడండి: ఇప్పలు ఒక్కొక్కటి ఇద్దరు చేతులు కలిపినా కౌగిలికి అందని లావు. చిటికెన వేలంత మొక్క మాత్రం వెతికినా దొరకదు. తాతలున్నారు, మనవళ్లు లేరు. వానలు మొదలయ్యే నాటికి పడిన గింజనంతా నూనెకు ఏరుకుంటాం, మిగిలింది మొలిస్తే మేక చూసుకుంటుంది, మేక మరిచినదాన్ని మార్చిలో అగ్గిపుల్ల గుర్తుపెట్టుకుంటుంది. కుటుంబ నియంత్రణ ఇంత పకడ్బందీగా ఏ ఆరోగ్య కేంద్రమూ చేయలేదు. ముసలి చెట్లకూ దాని దయ ఉంది. ఏటా ఒకే పక్కన బెరడు మాడి మొదట్లో తొర్ర పడుతుంది, ఒకనాడు తుఫాను గాలి వచ్చి మిగతా పని పూర్తిచేస్తుంది.

కొందరు కుట్రదారులు పాత దోమతెరనో ఆకుపచ్చ షేడ్‌నెట్టునో కొమ్మల కింద నాలుగు గుంజలకు మోకాలెత్తున కట్టి, నడుమ కాస్త వాలుగా వదులుతున్నారు. పువ్వు నేల తాకకుండా అందులోకే దొర్లుతుంది. నెట్టు లేనివాళ్లు పూత దిగకముందే ఒకసారి ఆకు ఊడ్చి, మొదలుకు దూరంగా లాగి, ఎరువు గుంటలో వేస్తున్నారు. పువ్వును చాప మీద పలచగా పరిచి, నాలుగైదు రోజులు తిప్పుతూ ఎండబెట్టి, గుప్పిట్లో నొక్కితే ముద్ద కట్టనంతగా ఆరాకే సంచికెత్తుతున్నారు. తడి మిగిలితే సంచిలోనే పులిసి బూజు పడుతుందట. అంతటితో ఆగారా? జూన్, జూలైల్లో పండు గుజ్జు తీసేసి గింజను వెంటనే నాటేస్తున్నారు. నిలవ ఉంచితే కొద్ది వారాల్లోనే మొలక చచ్చిపోతుందని వాళ్ల వాదన. తల్లివేరు త్వరగా లోతుకు దిగుతుందని చిన్న కవర్లలో పెంచకుండా నేలలోనే వేసి, చుట్టూ రేగుకంప కడుతున్నారు. పూతకు ఎనిమిది పదేళ్లు పడుతుంది. అంత ఓపికున్న మనుషులను నమ్మవచ్చా?

చట్టం కూడా వాళ్ల పక్షమే. 1927 అటవీ చట్టం ప్రకారం అడవికి నిప్పు పెట్టడం నేరం. అగ్గిపుల్లకు చదువు రాదు కాబట్టి ఆ పేచీ లేకుండా గడిచింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది, 2009లో ఈ గడ్చిరోలి జిల్లాలోనే మెండా-లేఖా గ్రామానికి సామూహిక అటవీ హక్కు దక్కింది, తరవాత ఎన్నో గ్రామసభలకు పత్రాలు చేతికొచ్చాయి. దానితో ‘సర్కారు అడవి కాలితే మనకేం’ అనుకునే పాత సుఖం పోయింది. ఇప్పుడు కాలేది పత్రంలో మన పేరు మీదున్నదే.

సన్మాన సభ ఏర్పాట్లు దాదాపు పూర్తయ్యాయి. మైకు వచ్చింది, కుర్చీలు వచ్చాయి. ఏప్రిల్ ఎండ కాబట్టి నీడన పెట్టమన్నారు. ఊరి పెద్ద ఇప్పకు తొర్ర పడింది, దాని కింద జనాన్ని కూర్చోబెట్టలేం. పక్కన చిన్న చెట్టు ఉందేమోనని మనిషిని పంపాం, ఇంకా తిరిగి రాలేదు. శాలువా మాత్రం నూలుదే తెమ్మని గట్టిగా చెప్పాం. నైలానుదైతే ముఖ్య అతిథి పక్కన కూర్చునే సాహసం వక్తలెవరూ చేయడం లేదు.